మాణిక్యాలరావుగారు పెంటియం కొన్న వైనం

కొత్తపేటలో కంప్యూటరు ప్రాసెసర్ల గురించి మాణిక్యాలరావుగారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. వాటిలో ఒక్కటి కూడా కొనకుండా అంతకాలం నెట్టుకొచ్చిన వ్యాపారస్తుడు కూడా ఇంకెవరూ లేరు. పెంటియం వచ్చిందంటే, "టూ వస్తోందటండి, ఆగుదాం" అన్నారు. టూ వచ్చింది. "త్రీ వస్తోందటండి" అన్నారు. త్రీ కూడా వచ్చి బస్టాండు పక్కనున్న జిరాక్సు కొట్టుదాకా పాకింది. ఆయన మాత్రం తొంభై అయిదులో కొన్న ఫోర్ ఎయిటీ సిక్స్ పక్కనే నిలబడి, ఎవరూ అడక్కుండానే, "ఫోరు వస్తోందటండి, ఆయ్" అనేవారు. ఫోర్ ఎయిటీ సిక్స్ అంటే పెంటియంకి ముందు తరం. వావివరసల్లో చెప్పాలంటే అప్పటికి దాని మనవలు కూడా పాతబడిపోయారు.

ఆగడం అనే విద్య ఆయనకి ఒంటబట్టింది. హోటల్లో కూర్చుంటే, సర్వరు ఇడ్లీ తెస్తానన్నా "తరవాత వాయి ఎప్పుడండీ?" అని అడిగేవారు. ఆ వాయి దిగాక దాని తరవాత వాయి సంగతి అడిగేవారు. ఈలోగా పిండి అయిపోయేది, ఆయన కాఫీ ఒక్కటీ తాగి వచ్చేసేవారు. రావులపాలెం బస్సు వచ్చి ఆగితే, "వెనకాల ఖాళీది వస్తోందటండి" అని ఎక్కేవారు కాదు. వెనకాల వచ్చింది కోళ్ల లారీ అయినా ఆయన నమ్మకం చెక్కుచెదిరేది కాదు.

ఈ విషయం ఎవరైనా ఎత్తితే ఆయన భార్య వెంకటలక్ష్మిగారు ఒకే మాట అనేవారు. "మా పెళ్లిచూపులప్పుడు వెనకాల మా చెల్లెలు కూడా ఉందని మా నాన్నగారు చెప్పలేదండి. చెప్పుంటే ఈయన ఆగేవారు."

మాణిక్యాలరావుగారిది శుభలేఖల కొట్టు. ఒకప్పుడు సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి, కూర్చి, కాలితో తొక్కే ప్రెస్సు మీద అచ్చేసేవారు. కంప్యూటర్లు వచ్చాక అక్షరాలు తూకానికి అమ్మేసి ఆ ఫోర్ ఎయిటీ సిక్స్ కొన్నారు. దానిమీద పనిచెయ్యడానికి ఉషారాణిని పెట్టుకున్నారు. గోదారి ఒడ్డున పడవలు కట్టుకునే పేటలో పుట్టిన పిల్ల. టైపు హయ్యరు పాసైంది. తమ్ముడు దుర్గేష్ పాలిటెక్నిక్ చదువు ఆమె జీతం మీదే నడిచేది. కాబట్టి ఆ కొట్టు బాగుండాలని దాని యజమాని కన్నా ఎక్కువగా కోరుకునేది ఉషారాణే.

ఆ మిషన్‌తో ఆమె పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. పొద్దున్న తలుపులు తీసేసరికి బాగానే ఉండేది. ట్యూషన్ల కరపత్రాలు, కిరాణా కొట్ల బిల్లుబుక్కులు అణకువగానే చేసిపెట్టేది. పెళ్లివారు వచ్చి బెంచీ మీద కూర్చున్నారంటే మాత్రం చాలాసార్లు దానికి నీరసం ముంచుకొచ్చేది. మాణిక్యాలరావుగారు లేచి దాని పక్కకి వచ్చేవారు. భుజం మీది కండువా తీసి దానిమీద కప్పి, పైన చెయ్యి వేసి నిలబడేవారు. ఇక అక్కణ్ణుంచి తెర మీద ఒక్కొక్క అక్షరమే, ఎండాకాలం కాలవలో నీళ్లలాగా, ఆగి ఆగి వచ్చేది.

"ఏవండీ, ఇంకా అవలేదా?" అనేవారు పెళ్లివారు.

"ఆలోచిస్తోందండి," అనేవారు మాణిక్యాలరావుగారు. "పాతకాలంది కదండీ, పెళ్లంటే కంగారుపడదు. సోడా తాగుతారా, మజ్జిగ తాగుతారా?"

ఏదీ వద్దన్నా రెండూ తెప్పించేవారు. ఆ తరవాత కబుర్లలో దిగేవారు. పెళ్లికొడుకు మేనత్త ఏ ఊరు, ఆవిడ అత్తవారు ఎవరు, వాళ్ల దొడ్లో పనసచెట్టు ఇంకా కాస్తోందా లేదా, అన్నీ కావాలి ఆయనకి. ఉషారాణి పళ్లు కొరుక్కుంటూ మౌసుని అటూ ఇటూ తిప్పుతూ ఉండేది. ఒక్కో శుభలేఖకి ఒక పూట పట్టేది. ఈ లెక్కన మనవల పెళ్లికి కార్డు కావలసినవాళ్లు పిల్లల పెళ్లి నాడే చెప్పుకోవాలని ఊళ్లో ఓ ఛలోక్తి కూడా పుట్టింది.

"బాబాయిగారూ, కొత్త మిషన్ కొనేద్దామండి," అనేది ఉషారాణి.

"కొనేద్దామమ్మా. నేనేవన్నా కాదన్నానా?"

నిజంగానే కాదనేవారు కాదు. పెంటియం టూ వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజమండ్రి వెళ్లారు. వీధి చివర బస్సు హారను వినబడ్డ ప్రతిసారీ ఉషారాణి గుమ్మంలోకి వచ్చి చూసింది. ఆయన సాయంత్రం చేతిలో చిన్న పొట్లంతో దిగారు. అందులో మౌసు కింద వేసే మెత్తటి గుడ్డముక్క ఉంది.

"కంప్యూటరేదండీ?"

"త్రీ వస్తోందటమ్మా."

త్రీ వచ్చినప్పుడూ వెళ్లారు. ఈసారి మిషన్‌కి తొడిగే జిప్పు ముసుగు తెచ్చారు. ఆ తరవాత ఇంకోసారి వెళ్లి, మీటల మధ్య దుమ్ము దులిపే కుంచె తెచ్చారు. కొత్త కంప్యూటరు అయితే రాలేదుగానీ, పాతదానికి మాత్రం అత్తవారింటికి పంపే పిల్లకి పెట్టినన్ని సామాన్లు పోగయ్యాయి.

ఇదంతా ఎదురు వరసలో నాగసతీష్ కొట్టు పెట్టేదాకా నడిచింది. కుర్రవాడు చురుకైనవాడు, పైగా మర్యాదస్తుడు. సరాసరి పెంటియం ఫోర్‌తోనే దిగాడు. శుభలేఖ చెప్పినవాళ్లు చెప్పులు విప్పి మళ్లీ వేసుకునేలోపు ప్రూఫు చేతిలో పెట్టేవాడు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నకొద్దీ పెళ్లివారంతా అటే నడిచారు. మాణిక్యాలరావుగారి బెంచీ మీద పిల్లి పడుకోవడం మొదలుపెట్టింది.

ఒకరోజు నాగసతీషే రోడ్డు దాటి వచ్చాడు. గోదావరి జిల్లాలో ఇంకొకరి కొట్లో మనిషిని లాక్కుపోవడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది.

"బాబాయిగారూ, తవరేమీ అనుకోనంటే ఒక మాటండి. ఉషారాణిగారిని మా కొట్లోకి తీసుకుందామనుకుంటున్నానండి."

"దానికేముంది బాబూ. మంచి పిల్ల. కాఫీ తాగుతావా?"

"ఇప్పుడే తాగేనండి. జీతం కాస్త ఎక్కువే ఇస్తానండి."

"ఇవ్వాలి మరి. ఎక్కువే ఇవ్వాలి. పోనీ మజ్జిగ తాగుతావా?"

తన బతుకు గురించి ఆ ఇద్దరూ మజ్జిగ మీద మాట్లాడేసుకుంటూ ఉంటే ఉషారాణికి ఒళ్లు మండింది. నాగసతీష్ వెళ్లాక ఆయనకి ఎదురుగా నిలబడింది.

"బాబాయిగారూ, నాకు వెళ్లాలని లేదండి. అయినా ఈ మిషన్‌తో ఈ కొట్టు ఆరునెల్లు కూడా నిలవదండి. మీకూ పిన్నిగారికీ ఎలాగో గడిచిపోద్ది. మా తమ్ముడి చదువు ఆగిపోద్దండి. ఈ వారంలో కొత్తది తేకపోతే నేను అటు వెళ్లిపోతాను."

మాణిక్యాలరావుగారు కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఫైవ్..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, ఆ మాటని మింగేశారు.

ఆ వారంలోనే అంబాజీపేటనుంచి అబ్బులుగారు వచ్చారు. కొబ్బరికాయల వ్యాపారి. పాత అలవాటు చొప్పున ఈ కొట్టుకే వచ్చారు. కూతురి పెళ్లి. కార్డు పాఠం అంతా చెప్పి, ఆహ్వానించువారి దగ్గరకి వచ్చేసరికి గొంతు పెంచారు.

"మా అన్నయ్య సత్తిరాజు పేరు వెయ్యకండి."

"ఆయ్," అన్నారు మాణిక్యాలరావుగారు, లేచి నిలబడుతూ. "ఏం జరిగిందండీ?"

జరిగింది చిన్నదే. అన్నదమ్ముల తోటల మధ్య గట్టుమీద ఒక కొబ్బరిచెట్టు ఉంది. అది తమ్ముడి పాలికి వచ్చిన చెట్టు. గాలివానకి అన్న వైపు వాలింది. కాయలన్నీ అటే రాలుతున్నాయి. రాలినవి ఏరుకోవడానికి వెళ్లిన అబ్బులుగారి మనిషిని సత్తిరాజుగారు, "అడిగి తీసుకెళ్లొచ్చుగా" అన్నారు. అంతే. అప్పటినుంచి అన్నదమ్ములకి మాటల్లేవు.

మాణిక్యాలరావుగారు కండువా తీసి మిషన్‌ మీద వేసి, చెయ్యి ఆనించారు. ఉషారాణి పేర్లు కొడుతోంది. అక్షరాలు తూలుకుంటూ వస్తున్నాయి. ఆయన అబ్బులుగారిని సోడా గురించి అడిగి, తనే తెస్తానని ఎదురుగా ఉన్న బండి దగ్గరకి వెళ్లారు. అబ్బులుగారు గడియారం చూసుకుంటున్నారు. "మా వియ్యంకుడు ఎదురు కొట్లో చేయించమన్నాడండి. నేనే వినలేదు," అన్నారు ఉషారాణితో. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

అప్పుడే ఫ్యాను గాలికి కండువా జారింది. మిషన్ ముందువైపు చిన్న ఎర్ర అంకెలు వెలుగుతూ కనబడ్డాయి. ముప్పైమూడు. పొద్దున్న దుమ్ము దులిపేటప్పుడు అక్కడ ఎప్పుడూ అరవైయారు ఉండేది. అంకెల పక్కన ఒక బటన్. దాని మీద టర్బో అని రాసి ఉంది. ముట్టుకుంటే షాకు కొడుతుందని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆయన హెచ్చరించారు. ఉషారాణి చెక్క స్కేలు తీసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, దాన్ని నొక్కింది.

షాకు కొట్టలేదు. అరవైయారు వెలిగింది. ఆగిఉన్న పేర్లన్నీ బిలబిలమంటూ వచ్చి తెర మీద కూర్చున్నాయి. ప్రింటరు కీచుమంది. పెంటియం కాకపోయినా, ఆ ముసలి మిషన్‌లో అంత సత్తువ ఉందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మాణిక్యాలరావుగారు రెండు సోడాలతో తిరిగి వచ్చేసరికి అబ్బులుగారు ప్రూఫు మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

"బాగా కుదిరిందండి. సిద్ధాంతిగారు ముహూర్తం నిమిషాలు ఇంకోసారి సరిచూస్తానన్నారు. సోమవారం వచ్చి చెప్తాను, అచ్చుకి ఇచ్చేద్దురుగాని."

"అప్పుడే అయిపోయిందాండీ?" అన్నారు మాణిక్యాలరావుగారు. ఆయన మొహం చూస్తే శుభలేఖ కాదు, ఇంకేదో అశుభం చేతిలో పెట్టినట్టుంది.

అబ్బులుగారు వెళ్లిపోయారు. ఉషారాణి చెక్క స్కేలుతో బటన్ చూపించింది.

"ఇదేంటండీ బాబాయిగారూ? ఇన్నేళ్లనుంచీ మీరే దీన్ని తొక్కిపట్టేరా? నేను చేతకానిదాన్నని పెళ్లివారు అనుకుంటూ ఉంటే మీరు పక్కన నిలబడి విన్నారా?"

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. రెండు సోడాలూ ఒళ్లో పెట్టుకున్నారు.

"తప్పేనమ్మా," అన్నారు. "అందరికీ తొక్కనమ్మా. పేరు కొట్టెయ్యమన్నవాళ్లకే. సీసం అక్షరాల రోజుల్లో కార్డు కూర్చడానికే రెండ్రోజులు పట్టేది. ఇవాళ కోపంతో బావమరిది పేరు తీసెయ్యమన్నవాడు మర్నాడు పొద్దున్నే వచ్చి, తలగోక్కుంటూ, మళ్లీ పెట్టమనేవాడు. ఈ కంప్యూటరు వచ్చేకా ఆ మర్నాడే లేకుండా పోయిందమ్మా. కోపం చల్లారకముందే కార్డు తయారైపోతోంది. అచ్చులోంచి ఒకసారి పేరు పోతే, ఆ మనిషి ఇంక ఆ గుమ్మం తొక్కడు. ఈ బటన్ నొక్కితే సగం వేగం అవుద్దని అమ్మినవాడు చెప్పేడు. సరే, ఒక మర్నాడు కాకపోయినా ఒక పూటైనా దొరుకుద్ది కదా అని..."

ఉషారాణి చెక్క స్కేలు బల్లమీద పెట్టేసింది. బెంచీ మీద మజ్జిగ తాగి, ముక్కు చీది, "పోన్లెండి, ఆడపడుచు పేరు కూడా వేసెయ్యండి" అన్నవాళ్లంతా ఆమెకి ఒక్కసారిగా గుర్తొచ్చారు. అవన్నీ మిషన్ నెమ్మది వల్ల జరిగిన చేర్పులని విసుక్కుంటూ వాటిని కొట్టింది తనే.

"మరి రాజమండ్రి వెళ్లినప్పుడల్లా..." అంది చివరికి.

"అన్ని షాపుల్లోనూ అడిగేనమ్మా. కొత్తవాటికి నెమ్మదిగా నడిపే బటన్ లేదంట. ఎందుకండీ అని అడిగితే నవ్వేరు. ఒకాయన మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టేడు, నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. తరవాత వచ్చేదానికైనా పెడతారేమోనని ఆగుతూ వచ్చేను. టూకి లేదు. త్రీకి లేదు. ఫోరుకీ లేదంట."

ప్రపంచమంతా వేగం కోసం ఎదురుచూస్తూ ఉంటే, ఈ మనిషి ఇన్నేళ్లూ నెమ్మదిగా నడిచే ప్రాసెసర్ కోసం ఎదురుచూశాడన్నమాట. ఉషారాణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆయన ఒళ్లోని సోడా ఒకటి తీసుకుని తాగేసింది.

మర్నాడు కొట్టు తెరవలేదు. సాయంత్రం ఇంటి ముందు ఆటోలో మాణిక్యాలరావుగారు దిగారు. పక్కనే పెద్ద అట్టపెట్టె. పెంటియం ఫోర్. వెంకటలక్ష్మిగారు గుమ్మంలో నిలబడి ఎంతోసేపు దాన్నే చూశారు.

"కొన్నారా?" అన్నారు.

"కొన్నానే. అమ్మాయి వెళ్లిపోతుంది మరి. దుర్గేష్ చదువు ఆగిపోద్ది."

"ఫైవ్ వస్తోందట కదండీ?"

"వస్తే రానీవే," అన్నారు మాణిక్యాలరావుగారు. ఆ మాటకి వెంకటలక్ష్మిగారు గబగబా లోపలికి వెళ్లి దిష్టి తియ్యడానికి ఎండుమిరపకాయలు తెచ్చారు. దిష్టి కంప్యూటరుకి తీశారో మొగుడికి తీశారో కబురు విని వచ్చిన ఉషారాణికి అర్థం కాలేదు.

సోమవారం అబ్బులుగారు వచ్చారు. ముహూర్తం నిమిషాలు మార్చాలి, అంతే. కొత్త మిషన్ నిగనిగలాడుతోంది. మాణిక్యాలరావుగారు అలవాటుకొద్దీ లేచి దాని పక్కకి వచ్చారు, కండువా కప్పారు, పైన చెయ్యి వేశారు. చేతికింద నొక్కడానికి ఏమీ లేదు. ఆయన వేళ్లు కాసేపు గాల్లో వెతుక్కుని ఊరుకున్నాయి. పాపం, ఆయన ఉషారాణి వైపు చూడలేదు. నేలవైపు చూస్తూ నిలబడ్డారు.

ఉషారాణి నిమిషాలు మార్చింది. అది కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది. ఇంక ప్రింటు మీట నొక్కడమే మిగిలింది. అప్పుడామె తెరని తనవైపు కాస్త తిప్పుకుని, మౌసు మీదనుంచి చెయ్యి తీసేసి, ఒళ్లో పెట్టుకుంది.

"అయిందామ్మా?" అన్నారు అబ్బులుగారు.

"లేదండి," అంది ఉషారాణి. "కొత్తది కదండీ. ఆలోచిస్తోంది."

మాణిక్యాలరావుగారు తలెత్తారు. ఉషారాణి ఆయనవైపు చూడకుండా, భాగవతం చదువుతున్నంత శ్రద్ధగా తెరవైపే చూస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నారు. మొహంలోకి వెలుగు వచ్చింది.

"సోడా తాగుతారాండీ అబ్బులుగారూ?"

"వద్దండి, బోల్డు పనులున్నాయి."

సోడా వచ్చింది. మజ్జిగ కూడా వచ్చింది. మాణిక్యాలరావుగారు బెంచీ మీద ఆయన పక్కన సర్దుకుని కూర్చున్నారు.

"మీ పెళ్లి కార్డు కూడా మేమే వేసేమండి. గుర్తుందా?"

"ఎందుకు లేదండీ. పసుపు కార్డు."

"ఆయ్. అప్పటికి మీ నాన్నగారు లేరు కదండీ. ఆహ్వానించువారంటూ కింద ఒక్కటే పేరు. మీ అన్నయ్యగారిది. ఆయనకప్పటికి నూనూగు మీసాలండి. పెళ్లిపెద్దగా తన పేరు వెయ్యాలంటే సిగ్గుపడి, చిన్న అక్షరాలతో వెయ్యమన్నారు. నేనే వినకుండా పెద్దవి కూర్చేను."

అబ్బులుగారు మజ్జిగ గ్లాసు ఎత్తి తాగి, చాలాసేపు దాని అడుగు చూశారు. రోడ్డుమీద లారీ ఒకటి కొబ్బరికాయలతో వెళ్లింది. దాని చప్పుడు సద్దుమణిగింది.

"అమ్మాయ్, ఇంకా ఆలోచిస్తోందా?" అన్నారు, గ్లాసు పక్కన పెడుతూ.

"ఆయ్, ఇంకా ఆలోచిస్తోందండి."

"అయితే ఈలోగా... మా అన్నయ్య పేరు వేసెయ్యి. కింద కాదు. నా పేరుకి పైన వెయ్యి. చిన్న అక్షరాలు వద్దు."

ఉషారాణి చేతులు ఒళ్లోంచి లేచాయి. సత్తిరాజుగారి పేరు పైన కూర్చుంది. మీట నొక్కింది. ఆమె వేలు ఇంకా మీట మీద ఉండగానే ప్రింటరు కార్డుని బయటికి తోసేసింది. అబ్బులుగారు ఉలిక్కిపడి, కార్డు వైపూ మిషన్ వైపూ మార్చి మార్చి చూశారు. కళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వారు.

"చూసేరా మాణిక్యాలరావుగారూ, ఇందాకట్నుంచి మొరాయించి, మా అన్నయ్య పేరు పడేసరికి ఎలా లేచిందో."

"ఆయ్," అన్నారు మాణిక్యాలరావుగారు వినయంగా. "ఫోరు కదండీ. వావివరసలు తెలుసండి దీనికి."

అబ్బులుగారు ఆ మాట అంబాజీపేట అంతా చెప్పారు. మళ్లీ బెంచీ నిండింది. కొందరికి ఆ మిషన్ మెరుపులా పనిచేసేదని, కొందరికి పూటంతా తీసుకునేదని జనం చెప్పుకున్నారు, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి నాగసతీషే మళ్లీ రోడ్డు దాటి వచ్చాడు.

"బాబాయిగారూ, నాదీ ఫోరేనండి. మీదీ ఫోరే. మరి పెళ్లివారంతా ఇటే ఎందుకొస్తున్నారండీ?"

మాణిక్యాలరావుగారు అతన్ని ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు తొందరపడి కొనేసేవు బాబూ," అన్నారు. "మజ్జిగ తాగుతావా?"